పసుపు నీళ్లు

ఫ్యాక్టరీ కోసం కూల్చేసిన ఊరి ఫొటోలు మ్యూజియం గోడల నిండా వేలాడుతున్నాయి. రాత్రి కాపలా జగ్గారావుది. పద్దెనిమిదేళ్ల క్రితం ఆ ఊరి మీద బుల్డోజరు నడిపింది తనేనని అతను ఎవరికీ చెప్పలేదు.

తుడవడం ముగించిన అసిరమ్మ చివరి ఫొటో చూపించింది. అమ్మవారి గుడి ముందు రాటకు కట్టిన మేకపోతు, కత్తి పట్టుకున్న ముసలాయన, చుట్టూ జనం.

"మా నాయన, బాబూ. పోతు మీద పసుపునీల్లు పోసినాం. అది ఒల్లు జాడిత్తే అమ్మోరు ఒప్పుకున్నట్టు, అప్పుడే నరకాల. జాడించనేదు. ఇంతలో బుల్డోజరొచ్చి నాయన్ని తొక్కీసింది. ఎముకలిరిగిన సప్పుడు ఇప్పటికీ ఇనిపిత్తాది. అమ్మోరి మొక్కు అలాగే ఉండిపోనాది."

"తోలినోడెవుడో తెలుసా?" అన్నాడు జగ్గారావు, ఎటో చూస్తూ.

"నాను మొకం సూల్నేదు. నాయన సూసినాడు."

ఆమె వెళ్లాక తలుపులు మూసి, లైట్లు ఆర్పుకుంటూ అతను ఆ ఫొటో దగ్గరికి వచ్చాడు. టార్చి వెలుగులో రాటకు తాడు మాత్రమే ఉంది. మేకపోతు లేదు. ముసలాయనా లేడు. జనమంతా ఇటే చూస్తున్నారు.

చీకట్లో ఎవరో రాతి మీద కత్తి నూరుతున్నారు.

మెడ మీద చల్లగా నీళ్లు పడ్డాయి. తడిమిన వేళ్లకు పసుపు అంటింది. నీళ్లు వెన్ను మీదుగా జారుతుంటే నడుములోంచి వణుకు పైకి పాకింది. జగ్గారావు పళ్లు బిగించి, ఊపిరి బిగబట్టి, కదలకుండా నిలబడ్డాడు.

వెనక ముసలి గొంతు ఓపిగ్గా అంది: "జాడించనేదర్రా. ఇంకో సెంబు పొయ్యండి."