తలుపు తియ్యి

"కౌన్సిలరమ్మా, తలుపు తియ్యి!" బయట తాపీమేస్త్రి అరిచాడు.

ఆమె కిటికీ దగ్గరికి నడిచింది. కౌన్సిలర్ కాకముందు నర్సుగా ఆ వీధి తల్లుల్లో సగంమందికి ఆమే పురుడు పోసింది. అయినా, వానకు నానిన ఇళ్లు కూలతాయని నిన్న వాళ్లందరినీ పోలీసులతో ఖాళీ చేయించింది. "నీ అంతు చూస్తా" అని మేస్త్రి అందరిముందూ అన్నాడు.

కిటికీ సందులోంచి చూస్తే మేస్త్రితో వచ్చిన వీధివాళ్లందరి చేతుల్లోనూ పలుగులు. ఆమె గడియ బిగించి, అత్తగారిని పొదివి పట్టుకుని వెనకగదిలో నక్కింది.

తలుపు బద్దలైంది. మేస్త్రి ఆమె రెక్క పుచ్చుకుని వీధిలోకి ఈడ్చాడు. వెనకే ఎవరో అత్తగారిని ఎత్తుకొచ్చారు.

"చంపకు బాబూ!" అంటూ ఆమె కళ్లు మూసుకుంది.

వాళ్ల వెనక ఆ గది ఫెళఫెళా కూలిపోయింది.

"మా గోడలన్నీ చూశావు గానీ," అన్నాడు మేస్త్రి, ఆమె రెక్క వదిలి, "నీ వెనకగోడ ఒరగడం చూసుకోవద్దా తల్లీ?"