పాత ప్రతిలో ఉన్నట్టే

"ఆ ఒక్కచోట మార్చండి, ఇంకేమీ అడగను" అంది ఆమెలిన్, పెరాన్ ముక్కు మీది సిరా మరకను తుడుస్తూ. పెళ్లయి పదహారు రోజులు. ఆ మరక తుడవడం ఆమెకు రోజూ పండగే. ఇవాళ మాత్రం ఆమె చూపు అతని ముందున్న పుట మీదే ఉంది.

"అడిగింది చిన్నదే. పట్టుబడితే పోయేది నా వేళ్లు" అన్నాడు పెరాన్.

అతను రాస్తున్నది మరియమ్మ మహిమల పుస్తకానికి కొత్త ప్రతి. చివరి కథలో ఒక పిల్లవాడు తప్పిపోతాడు. ఊరివాళ్లు ఒక యూదుణ్ణి పట్టుకుని ఉరితీస్తారు. మరియమ్మ సంతోషిస్తుంది.

మూడు రోజులుగా ఊళ్లో కసాయి కూతురు కనబడటం లేదు. బట్టలకు రంగులద్దే యూదుడు హకెన్‌ను చెరసాలలో వేశారు. రేపు దొరగారు ఈ కొత్త ప్రతిలోంచి ఆ కథ చదివించుకుని, అందులో ఎలా ఉంటే అలాగే తీర్పు చెబుతారు.

"పెద్దలు రాసింది మార్చడానికి మనమెవరం? ఆ పిల్ల తల్లికి ఏం చెబుతావు?"

"వెతకమని చెబుతాను. ఇతన్ని ఉరితీశాక ఇంకెవరూ వెతకరు."

పెరాన్ లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచి తలుపు గడియ వేసి వచ్చాడు. కలం ముంచాడు. కొత్త ప్రతిలో మరియమ్మ పిల్లవాణ్ణి చెయ్యిపట్టి ఇంటికి తెచ్చింది. యూదుడు తన ఇంటికి వెళ్లాడు.

సిరా ఆరీ ఆరకముందే తలుపు చప్పుడైంది. ఫాదర్ గోతియే. ప్రతులు సరిపోల్చి, తప్పుంటే చాకుతో గీకేయడం ఆ ముసలాయన పని.

"కొత్త పెళ్లికొడుకువి, అక్షరాలు తూలుతాయనుకున్నాను. బానే ఉన్నాయే" అంటూ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. ఆయన వేలు పంక్తి పంక్తికీ పాకి, చివరి పుటలో ఆగింది.

"ఇది పాత ప్రతిలో లేదే."

"నేనే రాయమన్నాను, ఫాదర్."

"దాని మాట పట్టించుకోకండి. చెయ్యి నాది."

"ఇద్దరూ కాసేపు నోరు మూసుకోండి."

ఆయన చాకు తీశాడు. ఆమెలిన్ కళ్లు గట్టిగా మూసుకుంది. తోలు కాగితం మీద బరబర గీకుతున్న చప్పుడు. ఎంతకూ ఆగదు. కళ్లు తెరిచేసరికి కొత్త ప్రతి చెక్కుచెదరలేదు. ఆయన గీకుతున్నది పాత పుస్తకాన్ని.

"అది పవిత్రమైన పుస్తకం కదా, ఫాదర్" అన్నాడు పెరాన్.

ముసలాయన పొడిని ఊదాడు.

"ఈ ఉరి నా కుర్రతనంలో నేను కల్పించిందే, నాయనా."