భీమ్లా చెప్పిన అంకె

"నూట అరవై నాలుగు బై నూట నాలుగు మేడం."

భీమ్లా నోట ఆ మాట రాగానే డాక్టర్ పద్మప్రియ పెన్ను ఆగిపోయింది. బల్ల మీద చెయ్యి చాపుకుని కూర్చున్న ప్రేమ్‌సాగర్ తలెత్తి చూశాడు. భద్రాచలం అడవి అంచున ఉన్న ఆ బెటాలియన్ క్యాంపులో కమాండెంటు తర్వాత ఆయనే. ఆయన బూట్ల చప్పుడు వింటే జవాన్లు దారి మార్చుకుంటారు.

"ఎంతన్నావు?"

"నూట అరవై నాలుగు సార్."

అది పచ్చి అబద్ధం. స్టెతస్కోపులో భీమ్లాకు వినపడింది నూట ఇరవై ఆరు, ఎనభై. ఆ మనిషిది రాయిలాంటి ఒళ్లు.

"నాకు బీపీ ఏంటయ్యా? రోజూ పొద్దున్నే ఐదు కిలోమీటర్లు పరిగెడతాను!"

"మిషన్ గట్లనే చూపిస్తది సార్. నేనేం చేస్త?"

పద్మప్రియ భుజం మీద మూడు చుక్కలే. ర్యాంకులో ప్రేమ్‌సాగర్ కంటే రెండు మెట్లు కింద. రోజూ ఆయనకు సెల్యూట్ కొట్టాల్సిందే. కానీ ఏడాదికోసారి జరిగే ఈ మెడికల్ పరీక్షలో మాత్రం ఆమె రాసిందే రాత. ఒళ్లు పూర్తిగా బాగుందని 'షేప్-వన్' కేటగిరీ రాస్తేనే ప్రమోషన్. ఇక భీమ్లాకు చుక్కలు కూడా లేవు. చేతి మీద మూడు పట్టీలున్న హెడ్ కానిస్టేబుల్, క్యాంపులో ఉన్న ఒకే ఒక్క నర్సింగ్ అసిస్టెంటు. అయితేనేం, ఇవాళ బీపీ మిషన్‌కు గాలి కొట్టే బల్బు అతని గుప్పిట్లో ఉంది.

పోయిన వేసవిలో జూలూరుపాడు దగ్గర తండాలో తల్లి ద్వాలి చావుబతుకుల్లో ఉందని రెండు రోజులు సెలవడిగితే, ప్రేమ్‌సాగర్ అందరి ముందూ నవ్వాడు. "నువ్వేమన్నా డాక్టరువా, వెళ్లి బతికించడానికి?" అని కాగితం విసిరేశాడు. భీమ్లా తండాకు చేరేసరికి తల్లిని మట్టి చేసి మూడు రోజులైంది.

రేపటి నుంచి అతనికి నెల రోజులు సెలవు. ఖానాపురం హవేలిలో కిరాయి ఇంట్లో భార్య నాగలత నిండు చూలాలు, చూసుకోవడానికి ఇంకెవరూ లేరు. ఈసారి అడగాల్సిన వాణ్ని వదిలేసి, నేరుగా కమాండెంటు చేతనే సంతకం పెట్టించుకున్నాడు. తను తిరిగొచ్చేసరికి ప్రేమ్‌సాగర్ ప్రమోషన్ మీద ఎటో వెళ్లిపోతాడు. పగ తీర్చుకుంటే ఇవాళే తీర్చుకోవాలి.

"ఇంకోసారి చూడు భీమ్లా" అంది పద్మప్రియ.

భీమ్లా పట్టీ బిగించి గాలి కొట్టాడు. ముల్లు దిగుతుంటే ప్రేమ్‌సాగర్ దాన్నే చూస్తున్నాడు. చూసి లాభమేముంది? వినేది భీమ్లా చెవులే కదా.

"నూట అరవై ఎనిమిది మేడం."

ప్రేమ్‌సాగర్ బల్ల మీద గుద్దాడు. "నా ఫైలు ఢిల్లీలో ఉంది డాక్టర్! వచ్చే వారం ప్రమోషన్ బోర్డు! షేప్-వన్ లేకపోతే నా జూనియర్ నాకంటే ముందు కమాండెంటు అవుతాడు, నేను వాడికి సెల్యూట్ కొట్టాలి. తెలుసా మీకు?"

"కోపానికి రాకుండ్రి సార్" అన్నాడు భీమ్లా ఎంతో వినయంగా. "ఇంకా పెరుగుతది."

ప్రేమ్‌సాగర్ మొహం కందగడ్డ అయింది. కణతల దగ్గర నరాలు ఉబ్బాయి. పద్మప్రియ కుర్చీలోంచి లేచింది.

"జరుగు భీమ్లా. నేను చూస్తాను."

భీమ్లా పక్కకు జరిగాడు. దొంగ లెక్క బయటపడితే ఉద్యోగం ఊడుతుంది. ఇంట్లో నాగలత, పుట్టబోయే బిడ్డ. పద్మప్రియ పట్టీ కట్టి, గాలి కొట్టి, కళ్లు మూసుకుని విన్నది. విప్పి మళ్లీ కట్టింది. భీమ్లా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నూట డెబ్బై, నూట ఆరు. భీమ్లా సరిగ్గానే చూశాడు సార్."

భీమ్లాకు నవ్వు ఆగలేదు, పక్కకు తిరిగి దగ్గాడు. తను అబద్ధం మాత్రమే చెప్పాడు. దాన్ని నిజం చేసింది ఆ మహానుభావుడి కోపమే!

"ప్లీజ్ డాక్టర్..." అన్నాడు ప్రేమ్‌సాగర్. ఆయన నోట ప్లీజ్ అన్న మాట ఆ క్యాంపులో ఎవరూ ఎన్నడూ వినలేదు. భీమ్లాకు కడుపు నిండిపోయింది.

"సారీ సార్. మూడు నెలలు అబ్జర్వేషన్. తర్వాత మళ్లీ చూద్దాం."

ఆమె కేటగిరీ తగ్గించి రాసి, సంతకం పెట్టి, స్టాంపు వేసింది.

భీమ్లా బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. "యాడీ, అయిపోయిందే" అన్నాడు పైకే, చనిపోయిన తల్లితో చెబుతున్నట్టు. నాగలతకు ఫోన్ చేశాడు.

"రేపు పొద్దున బస్సుకే వస్తున్న. దవాఖానాకు నేనే తోలుకపోత, రంది పెట్టుకోకు."

ఫోన్ జేబులో పెట్టుకుంటుండగా వెనకాల బూట్ల చప్పుడైంది. భీమ్లా దిగ్గున లేచి సెల్యూట్ కొట్టాడు. ప్రేమ్‌సాగర్ మొహంలో కోపం లేదు. దగ్గరికొచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"పద్దెనిమిదేళ్ల సర్వీసయ్యా నాది. నా ర్యాంకుకు భయపడి ప్రతివాడూ నూట ఇరవై, ఎనభై అని రాసేసి చేతులు దులుపుకున్నాడు. మొహం మీద నిజం చెప్పిన మగాడివి నువ్వొక్కడివే."

"నాదేముంది సార్" అని భీమ్లా తల దించుకున్నాడు.

"మూడు నెలల పాటు రెండు పూటలా బీపీ చూసి రాయాలంది డాక్టరు. ఇంకెవడినీ నేను నమ్మను, అందుకే ఇప్పుడే కమాండెంటు గారితో మాట్లాడి నీ లీవు క్యాన్సిల్ చేయించాను."