గంగప్ప బిళ్ళ

"బిళ్ళ మీంచి చెయ్యి తియ్యప్పా!"

సుప్రజ కేకకు ముసలాయన ఉలిక్కిపడ్డాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు. లోపలి వరుసలోని ఇత్తడి బిళ్ళను మెల్లగా ఊడదీసి, బయటి వరుసలో తగిలించాడు.

కుప్పంలో సుప్రజ పెట్టిన చిన్న మ్యూజియం అది. ఎప్పుడో మూతబడిన బంగారు గని దీపాలు, టోపీలు, సమ్మెటలు పాత సామాన్ల అంగళ్ళలో వెతికి తెచ్చి పెట్టింది. గోడకు ఆ గనిదే పెద్ద చెక్క పలక. గనిలోకి దిగే ప్రతి మనిషీ తన పేరున్న బిళ్ళను లోపలి వరుసలో తగిలించి దిగాలి. పైకి రాగానే బయటి వరుసకు మార్చాలి. బిళ్ళ లోపలే ఉందంటే, మనిషి ఇంకా అడుగున ఉన్నట్టే లెక్క.

ఒకప్పుడు ఆ గనిలో పెద్ద ప్రమాదం జరిగింది. ఆ రోజు పలక ఎలా ఉందో జనానికి కళ్ళకు కట్టాలని, చనిపోయినవాళ్ళ బిళ్ళలన్నీ సుప్రజ లోపలే ఉంచింది. చూసినవాళ్ళు కంటతడి పెట్టుకునేవారు.

ముసలాయన తీసింది గంగప్ప బిళ్ళ. గంగప్ప సుప్రజ తండ్రి.

"యాల మార్చినావు?"

"గంగప్ప పైకొచ్చేసినాడు కదమ్మా. బిళ్ళ ఇంకా లోపలే ఉంటే, మళ్ళా ఎవురో ఒకరు దిగి ఎతకాల."

"ఆయన నీకు తెలుసా?"

"తెలుసమ్మా. నా పేరు ఎల్లప్ప. నేనూ ఆ గనిలోనే పనిచేసినా."

ఒకప్పుడైతే ఆ మాటకు సుప్రజ ప్రాణం లేచివచ్చేది. ఆమె చంకబిడ్డగా ఉన్నప్పుడే తండ్రి పోయాడు. తల్లి ఆమెను ఎత్తుకుని మదనపల్లెకు చేరింది, గని ఊసు ఎత్తకుండానే కన్నుమూసింది. నాయన గొంతు ఎలా ఉండేది, ఎలా నవ్వేవాడు, చెప్పే మనిషి ఒక్కడు దొరికితే చాలని ఆమె ఆశ. మ్యూజియం పెట్టిందే అందుకు. జాలి చూపులు గిట్టక, తానెవరో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

తీరా మ్యూజియం పెట్టాక, గని మీద సినిమా తీస్తారన్న పుకారు పుట్టింది. సినిమా అంటే చచ్చినవాళ్ళు కూడా లేచివచ్చి కథ చెప్పే ఊళ్ళు మనవి. ఒకడు గంగప్పతో కలిసి సంగటి తిన్నానన్నాడు. ఎలా ఉండేవాడని ఆత్రంగా అడిగితే, ఆరడుగుల మనిషి అన్నాడు. తన దగ్గరున్న ఒకే ఒక్క ఫొటోలో నాయన పొట్టిగా ఉంటాడు. ఆ రోజు సుప్రజ ఎంత ఏడ్చిందో ఆమెకే తెలుసు. ఇంకోసారి మోసపోయే ఓపిక లేదు.

"సినిమావాళ్ళు ఈడ లేరప్పా."

"సినిమా ఏందమ్మా?" అన్నాడు ఎల్లప్ప అయోమయంగా. తర్వాత గొంతు తగ్గించి, "గంగప్ప తాలూకు ఎవురన్నా ఈడికి వస్తాంటారా?"

"ఎవరూ రారు."

అతను వెళ్ళగానే బిళ్ళను మళ్ళీ లోపలి వరుసకు మార్చింది.

తర్వాత వారం వారం వచ్చాడు. బిళ్ళ మార్చడం, అదే ప్రశ్న అడగడం, అదే జవాబు విని పుంగనూరు బస్సుకు నడవడం. విసిగి, సుప్రజ పలకకు అద్దం బిగించి తాళం వేసింది.

"ఇంకోసారి వస్తే బాగుండదప్పా," అంది.

అతను అద్దం వైపు చాలాసేపు చూశాడు. మళ్ళీ రాలేదు.

కొన్నాళ్ళకు ఒకామె వచ్చింది.

"నేను ఎల్లప్ప కూతుర్నమ్మా, కుసుమ. నాయన పోయిన నెల పోయినాడు. ఎప్పుడూ ఆ పలక మాటే. ఒకసారి సూసి పోదామని వచ్చినా."

సుప్రజ మనసు చివుక్కుమంది. "గంగప్ప బిళ్ళంటే ఆయనకు యాల అంత ఇది?"

"గంగప్పను పైకి తెచ్చింది మా నాయనే కదమ్మా. అందరూ పానాలు అరచేతిలో పెట్టుకొని పైకొస్తాంటే, ఈయన పలక మీద గంగప్ప బిళ్ళ సూసి మళ్ళా దిగినాడంట. భుజాన ఏసుకొని నిచ్చెనలెక్కినాడు. సగం దోవ దాకా గంగప్పకు పానముండిందంట."



"ఏమన్నా మాట్లాడినాడా?"

"మాట్లాడతానే ఉండినాడంట, అంతా చంకబిడ్డ గురించే. ఏమన్నాడో మేమెంత అడిగినా నాయన చెప్పలేదమ్మా. అది ఆ బిడ్డకు చెప్పాల్సిన మాట అని, ఎప్పటికైనా ఆ బిడ్డ ఈడికి వస్తాదని, వారం వారం బస్సెక్కి వస్తాండె."