బంతిలో చోటు

సింహాద్రి భార్య పెద్దకర్మనాడు పులుసు చప్పగా ఉందన్న తోడల్లుడు గవర్రాజు మనిషే కాడు. సింహాద్రి ఆ తీర్పు ఏనాడో ఇచ్చేశాడు.

ఇప్పుడు ఏ పెళ్ళిలోనైనా బంతిలో ఎవరెక్కడ కూర్చోవాలో యంత్రమే తేలుస్తుంది. జనం తోచినట్టు చెప్పే కోరికలన్నీ కలిపి సర్దేస్తుంది. మనవరాలి పెళ్ళిలో సింహాద్రి దానితో, "గవర్రాజుకి మరీ దగ్గరొద్దు. కానీ వాడెంత మెక్కుతున్నాడో కనబడాలి" అన్నాడు.

తీరా చూస్తే ఇద్దరికీ ఎదురెదురుగా విస్తళ్ళు పడ్డాయి.

"ఇదేం సర్దడం?" అని యంత్రం మీద మండిపడ్డాడు.

"ఆయనా ఇంచుమించు అదే అడిగారండీ. మీ ఇంటావిడ పోయాక మీరు సరిగ్గా తింటున్నారో లేదో కనబడాలన్నారు."

"పప్పు కలుపుకో అన్నయ్యా, చల్లారిపోతోంది" అన్నాడు ఎదురుగా గవర్రాజు.

సింహాద్రి తలెత్తకుండా విస్తరి ఖాళీ చేశాడు. చెయ్యి కడుక్కుంటుంటే కోడలు నవ్వుతూ, "పులుసు గొడవ తీరిందా మామయ్యా?" అంది.

"ఏ పులుసు? ఇంకెప్పుడూ నా దగ్గర ఆ మాట ఎత్తకు."