గొంగడి లేని కొయ్య

పొద్దున్నుంచీ నాగరాణి కాలు ఒకచోట నిలవలేదు. పగిలిన కుండలు, చిరిగిన చాపలు, మూతల్లేని డబ్బాలు అన్నీ బయటికి పోయాయి. కోస్గిలో ఇంత విశాలమైన ఇల్లు తనదొక్కటే అనిపించి, చీకటి పడ్డాక కూడా గదిలో గిర్రున తిరిగింది.

"జూడయ్యా, మనిల్లు ఎంత పెద్దగైందో!" అంది మొగుడితో.

గడపలో నిలబడ్డ పరమేష్ ఆమె మాట వినడం లేదు. వాకిట్లో దొడ్డి నిండా గొర్రెలు లేచి నిలబడి ఉన్నాయి. ఒక్కటీ అరవడం లేదు. దడి మీద వేద్దామని గొంగడి కోసం గోడకొయ్య వైపు చూశాడు. కొయ్య ఖాళీగా ఉంది.

"బాపు గొంగడేదే?"

"స్టీలు సామాన్లామెకిచ్చిన. గీ కొత్త బిందె ఇచ్చింది! మామ పోయి ఏడాదాయె, ఇంకెందుకది?"

"దాని వాసన లేకుంటే అవి పండుకోవు. బాపు దగ్గర్నే ఉన్నడనుకుంటయ్."

అంతలో దొడ్డి చివరన ఒక గొర్రె మోకాళ్లు వంచి పడుకుంది. తర్వాత దాని ముందుది.

"ఎవలన్నరు పండుకోవని? జూడు, జూడు!" నాగరాణి కూడా గడపలోకి వచ్చి సంబరంగా చప్పట్లు కొట్టింది.

పరమేష్ ఆమె చేతులు గట్టిగా పట్టుకున్నాడు. అవి వరుసగా పడుకుంటున్నాయి. బతికున్నప్పుడు బాపు ఒక్కోదాని వీపు నిమురుతూ ఇంట్లోకి వస్తుంటే పడుకునేట్టే, ఇటువైపుకే.

దొడ్డి తలుపు దగ్గరి గొర్రె కూడా తల వాల్చింది.

వాళ్ల వెనక, గదిలో, బరువేదో తగిలించినట్టు గోడకొయ్య కిర్రుమంది.