రెండో గొంతు

"పిచ్చుకా?" అంది జాగ్రఫీ మేడమ్.

"ఉన్నా మేడమ్."

మేడమ్ తలెత్తి వెనక బెంచీ వైపు చూసింది.

"ఉన్నా," అంది ఓ ముసలి గొంతు.

బయట వరండాలో గుమాస్తా "రెండు" అనుకుంటూ వెళ్ళిపోయాడు.

మహా బద్ధకస్తుడులెండి ఆ గుమాస్తా. తలుపు తోసి తలకాయలు లెక్కపెట్టే ఓపిక ఎక్కడిది? హాజరు వేళకి బయట నిలబడి, పలికిన గొంతులు లెక్కేసుకుని పోతాడు.

ఆ రెండో గొంతు వింటే చాలు, పిచ్చుకకి వీపు మీద జెర్రులు పాకినట్టుండేది.

పిచ్చుకంటే అసలు పేరు కాదు. పిడికెడంత పిల్ల, అందుకని బడంతా అలాగే పిలిచేది. జాగ్రఫీ అంటే దానికి ప్రాణం. పెద్దయ్యాక ఓడలకి దారి చెప్పే ఉద్యోగం చెయ్యాలి. అందుకు ఈ సబ్జెక్టు పాసవ్వాల్సిందే.

తోటివాళ్ళంతా కంప్యూటర్ల క్లాసుకి చెక్కేశారు. ఇదొక్కతే మిగిలింది.

మర్నాడే ఆ ముసలాయన ఊడిపడ్డాడు.

ఎండ మాడ్చేస్తున్నా మెడదాకా బొత్తాలు పెట్టిన కోటు. మోకాళ్ళ మధ్య గొడుగు. ఒంటినిండా కలరా ఉండల వాసన. ఇది వచ్చేసరికే కూర్చుని ఉంటాడు. ఇది వెళ్ళేటప్పుడూ లేవడు.

పిచ్చుక తప్పు జవాబు చెప్తే వెనక బెంచీ కిర్రుమనేది. సరిగ్గా చెప్తే చప్పుడుండేది కాదు.

ఒకసారి పెన్సిలు కింద పడితే వంగింది. వెనక బెంచీ కింద గొడుగు మొన కనపడింది. చెప్పులు కనపడలేదు.

కాళ్ళూ కనపడలేదు.

ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పేసింది.

"అమ్మా, జాగ్రఫీ మానేస్తా."

"పరీక్షలు నెత్తిమీద పెట్టుకుని ఇదేం బుద్ధే?"

"వెనకాయనకి కాళ్ళు లేవమ్మా."

"మఠం వేసుకుని కూర్చున్నాడేమోనే," అన్నాడు అన్నయ్య. "పళ్ళయినా ఉన్నాయా మీ క్లాస్‌మేట్‌కి? పరీక్షలో చూసి రాయనిస్తాడేమో కనుక్కో."

పిచ్చుక నవ్వలేదు. కంచం ముందు నుంచి లేచిపోయింది.

"భయపడి మానకే తల్లీ," అంది అమ్మ. "రేపు నువ్వే ఏడుస్తావు. మరి నీ ఓడల సంగతో?"

"ఓడలూ వద్దు, ఏమీ వద్దు."

సబ్జెక్టు వదులుకోవడానికి మర్నాడే ఆఖరు రోజు. పొద్దున్నే పోయి గుమాస్తా కిటికీ దగ్గర నిలబడింది.

"జాగ్రఫీ మానేస్తానండీ."

"బాగా ఆలోచించుకున్నావా? ఒకసారి పేరు తీసేశానంటే మళ్ళీ ఎక్కించడం మా తాత దిగొచ్చినా కాదు."

"తీసెయ్యండి."

తీసేశాడు. గోడకి వేలాడుతున్న తాళంకప్ప చేతిలోకి తీసుకున్నాడు.

"అదెందుకండీ?"

"మేడ మీద మీ గదికి. రెండు గొంతులైనా లేని క్లాసు మూసెయ్యమని రూలు. నువ్వొక్కదానివీ మిగిలిన మర్నాడే మూసేవాణ్ణి. ఇంకెవరో పలుకుతున్నారని ఊరుకున్నా."

"ఆ ముసలాయనేగా?"

"ముసలాయనేంటే?" గుమాస్తా నవ్వాడు. "బళ్ళో ముసలాళ్ళని చేర్చుకుంటామా? ఎవరో జలుబు చేసిన పిల్ల అనుకున్నా."

పిచ్చుక మెట్లెక్కి పరిగెత్తింది. వెనకే గుమాస్తా, రొప్పుకుంటూ.

గదిలో మేడమ్ ఒక్కతే ఉంది. వెనక బెంచీ ఖాళీ. కలరా ఉండల వాసన మాత్రం అలాగే ఉంది.

గుమాస్తా చేతిలో తాళం చూసి మేడమ్‌కి సంగతి అర్థమైపోయింది.

"మానేశావా తల్లీ," అంది. కోప్పడలేదు. కిటికీలు మూసి, మెల్లిగా బయటికొచ్చింది.

గుమాస్తా తలుపు లాగి తాళం వేశాడు. చెవి తిప్పేసరికి లోపల బెంచీ కిర్రుమంది.

తప్పు జవాబు చెప్పినప్పుడు అన్నట్టే.

"ఎలకలు. పాడు ఎలకలు," అని గొణుక్కుంటూ గుమాస్తా రెండేసి మెట్లు దిగిపోయాడు.

"మేడమ్, ఆయనెవరు?"

"ఇదే గదిలో నేను చదువుకున్న ఆఖరి ఏడాదీ ఇలాగే అయింది. క్లాసులో నేనొక్కదాన్నే మిగిలా. నా వెనకా ఆయనే వచ్చి కూర్చున్నారు. అప్పుడూ ఇంతే ముసలాయన. ఇదే కోటు."

"మీకు భయం వెయ్యలేదా?"

"ఎందుకు వెయ్యలేదూ, వణికి చచ్చా. కానీ ఓ రోజు ఉండబట్టలేక వెనక్కి తిరిగి అడిగేశా, మీరెవరండీ అని."

ఇన్నాళ్ళలో తను ఒక్కసారీ తిరిగి అడగలేదని పిచ్చుకకి అప్పుడు తట్టింది.

"ఏమన్నారు?"

మేడమ్ తాళాన్ని చేత్తో ఓసారి తడిమింది.

"'ఈ గదిలో మొదటి మాస్టార్ని తల్లీ, క్లాసులో మిగిలిన ఒక్క పిల్లా మానేసి గదికి తాళం పడ్డ రోజే నా ప్రాణం పోయింది, నువ్వు చదువుకో, రెండో గొంతు నేను పలుకుతా' అన్నారు."